పరాయి దేశంలో చేత్తో అన్నం తినడం తప్పా?

భీమిలి పంతులమ్మ:
మా అబ్బాయి జపాన్‌లోని ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఉగాది తర్వాత వెళ్లి మూడు వారాలు ఉండి వచ్చాను. ఒకరోజు చిన్న హోటల్లో అన్నం, కాల్చిన చేప తెచ్చి పెట్టారు. అలవాటుగా చెయ్యి పెట్టబోతే కోడలు మణికట్టు పట్టుకుని, "అత్తయ్యా, ఇక్కడ వద్దు" అంది. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. వెళ్లిన చోటల్లా మన అలవాటు మానుకోవాల్సిందేనా?

గాజువాక రావిచెట్టు:
అక్కర్లేదమ్మా. చేప ముక్క పెట్టిన చిన్న అన్నం ముద్దను, అదే సుషీని, జపాన్ వాళ్లే చేత్తో తింటారు. తినే ముందు చేతులు తుడుచుకోమని తడి తువ్వాలు చుట్ట చుట్టి ఇస్తారు కూడా. శుభ్రమైన చేతికి సిగ్గెందుకు? మన బీచ్ రోడ్డులో విదేశీయుడు చెంచాతో ఇడ్లీ తింటే మనం వద్దంటామా?

ఓడ పనివాడు:
నేను ఒప్పుకోను. పద్దెనిమిదేళ్లుగా ఓడల మీద తిరుగుతున్నాను. యొకొహామాలో ఒకసారి చాప్‌స్టిక్‌లు అన్నంలో నిలువుగా గుచ్చి నీళ్ల కోసం లేచాను. ఎదుటి బల్ల దగ్గరి పెద్దాయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆయనే వచ్చి, వాటిని మెల్లగా తీసి గిన్నె పక్కన అడ్డంగా పెట్టాడు. చనిపోయినవారి ముందు ఉంచే అన్నంలో అలా గుచ్చుతారట! భోజనాల బల్ల మీద ఎవరైనా పిండం పెడితే మనకెలా ఉంటుంది? ఒకరి చాప్‌స్టిక్‌ల నుంచి మరొకరి చాప్‌స్టిక్‌లకు ముక్క అందించడమూ కూడదు. దహనం తర్వాత అస్థికలను ఏరేది అలాగే. ఇవి తెలుసుకోకుండా విమానం ఎక్కడమే తప్పు.

గాజువాక రావిచెట్టు:
అవి చావుకు సంబంధించినవి, తప్పక పాటించాలి. చేతి ముద్ద ఎవరి చావును గుర్తుచేస్తుంది?

ఓడ పనివాడు:
ఎవరి చావునూ కాదు, నిజమే. కానీ ఇబ్బంది కలిగినా వాళ్లు పైకి అనరు. రైల్లో మనం ఫోనులో గట్టిగా మాట్లాడినా చాలామంది తల దించుకునే కూర్చుంటారు. అనలేదు కదా అని మనకు నచ్చినట్టు ఉండటం నాకు న్యాయంగా తోచదు. మన భీమిలి దారిలోని తొట్లకొండ బౌద్ధ స్తూపం మీదికి చెప్పులతో ఎక్కి ఫొటోలు దిగేవాళ్లను చూస్తే నా కడుపు మండుతుంది. ఆ మంట మన వల్ల ఇంకొకరికి కలగకూడదు.

భీమిలి పంతులమ్మ:
చాప్‌స్టిక్‌ల సంగతి ఇప్పుడే వింటున్నాను బాబూ. కోడలు కారణం చెప్పి ఆపి ఉంటే అంత నొచ్చుకునేదాన్ని కాదు. వచ్చే ఏడు వెళ్తే బయట చెంచా అడుగుతాను. ఇంట్లో మాత్రం ఆవకాయ కలిపి మనవడికి గోరుముద్దలు పెడతాను.