మిర్మెకైట్‌లో ఉన్నది చీమా, పులిపిరా?

రాళ్ళబాట: ‘చీమలు తొలిచిన ఫెల్డ్‌స్పార్’ అని ఎక్కడో చదివాను, మిర్మెకైట్ గురించే. అదే, గ్రానైట్ లాంటి రాళ్ళలో ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ (పలుగురాయి) అనే రెండు ఖనిజాలు కలిసి అల్లుకునే తీరు. వాక్యం మొత్తం గుర్తు రావడం లేదు. ఆ పేరులో చీమ నిజంగా ఉందా?

గ్రంథాక్షరి: ఈ అల్లికను ఫ్రెంచి భూవిజ్ఞాని మిషెల్ లెవీ 1874లోనే వర్ణించాడు. పేరు పెట్టింది ఫిన్లాండ్ భూవిజ్ఞాని సెడర్‌హోల్మ్, 1897లో. గ్రీకులో మిర్మెక్స్ అంటే చీమ, మిర్మెకియా అంటే పులిపిరి. తగువంతా ఆ ‘కియా’ దగ్గరే. నాది పులిపిరి పక్షం. పొటాషియం ఉన్న పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లోకి ప్లేజియోక్లేజ్ (సోడియం, కాల్షియం ఉన్న ఫెల్డ్‌స్పార్) బొడిపెలుగా పొడుచుకొస్తుంది, సూక్ష్మదర్శిని స్లైడులో ముందు కంటబడేది అదే.

తూర్పుకనుమ: బొడిపె సరే, దాని లోపల? క్వార్ట్జ్ వంకరటింకరగా పాకి ఉంటుంది. ఆ పాకుడు చూసి పులిపిరి అంటారా ఎవరైనా? నన్నడిగితే అది చీమా కాదు, ఎర్ర (వానపాము).

అభ్రకం: ఇంకో ఫెల్డ్‌స్పార్ అల్లిక పెర్తైట్‌కి ఈ గొడవే లేదు. కెనడా ఒంటారియోలోని పెర్త్ ఊరి పేరు అది, పెట్టింది థామ్సన్, 1843లో. ఆస్ట్రేలియా పెర్త్ అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

గ్రంథాక్షరి: ఎర్ర అన్నది ఆకారానికి సరే, శబ్దానికి కాదు. సుశ్రుతంలో ‘వల్మీకం’ ఒక రోగం, ఒంటి మీద పుట్టలా లేచే గ్రంథి. పుట్టకూ వ్యాధికీ మనకు ఒకే మాట. గ్రీకులోనూ ఇదే జరిగిందని నా నమ్మకం. చీమ ఉంది, పులిపిరి వెనకాల ఉంది.

తూర్పుకనుమ: వల్మీకం చెదలది కదండీ.

పద్యప్రియ: ‘చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు’. సుమతి శతకకారుడు పుట్టను చీమలకే ఇచ్చాడు. మిర్మెకైట్ కథా ఇదే. ఆస్ట్రియా ఖనిజ శాస్త్రవేత్త బెకె 1908లో చెప్పిన ప్రకారం పొటాష్ ఫెల్డ్‌స్పార్ చోటును ప్లేజియోక్లేజ్ ఆక్రమిస్తుంది. కాల్షియం వచ్చి పొటాషియం పోతే సిలికా మిగులుతుంది, ఆ మిగిలిందే క్వార్ట్జ్. అందుకే ప్లేజియోక్లేజ్‌లో కాల్షియం ఎక్కువైన కొద్దీ క్వార్ట్జూ ఎక్కువ.

అభ్రకం: ‘పాముల నెలవైన యట్లు’ అని విన్నాను నేను.

పద్యప్రియ: గణం చెడదు, నిజమే. కానీ ‘కిరవైన’లో కకారం దగ్గర పడే విరుపు పోతుంది. ఆ విరుపులోనే పాము పుట్టలో దూరుతుంది!

రాళ్ళబాట: ‘ఇరవు’ అంటే కేవలం చోటా, స్థిరనివాసమా? రెండోదైతే బెకె వాదానికే బలం.

గ్రంథాక్షరి: చోటే. స్థిరత్వం తర్వాత చేరిన అర్థం.

తూర్పుకనుమ: ఒప్పుకోను. ‘ఇరవుకొను’ చూడండి.