ట్రైలర్ కడితే బండి వెనక కుంగుతోంది: ఎయిర్ బ్యాగులు మనమే బిగించుకోవచ్చా?

కొత్త హిచ్:
పికప్‌కి ట్రైలర్ తగిలించగానే వెనక భాగం దిగబడిపోతోంది. రాత్రిపూట ఎదురొచ్చేవాళ్ళంతా డిప్పర్ కొడుతున్నారు, నా లైట్లు సూటిగా వాళ్ళ కళ్ళలోకే పోతున్నాయి మరి. నిండా లోడేస్తే ట్రైలర్ 2,500 కిలోలు. కమాన్ పట్టీలకీ ఫ్రేముకీ మధ్య పెట్టే ఎయిర్ బ్యాగుల (గాలి నింపే రబ్బరు తిత్తుల) కిట్ కొన్నాను. పానాలున్నాయి, జాకీ ఉంది. నేనే బిగిద్దామంటే మా బావ "సస్పెన్షన్ జోలికి పోకు" అని ఒకటే గోల. మీరేమంటారు?

గ్రీజు చేతులు:
బిగించెయ్యండి, ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఒక పూట పని. ఫ్రేము కింద స్టాండ్లు పెట్టాకే బండి కిందకి దూరండి, ఒక్క జాకీని నమ్ముకోవద్దు. ఏక్సిల్ కిందికి దించేటప్పుడు బ్రేక్ హోసు సాగుతోందేమో ఓ కన్నేసి ఉంచండి. ఏక్సిల్ ఫ్రేముకి కొట్టుకోకుండా ఉండే బంప్ స్టాపు రబ్బరు తీస్తే చాలా కిట్లలో బ్యాగు అక్కడే కూర్చుంటుంది.

అసలు తంటా అంతా గాలి పైపు దగ్గర. కటింగ్ ప్లేయరుతో కొరికారనుకోండి, పైపు మూతి నొక్కుకుపోయి కోడిగుడ్డులా తయారవుతుంది. తర్వాత ఫిట్టింగులోకి ఎంత తోసినా సన్నగా గాలి పోతూనే ఉంటుంది, పొద్దున లేచేసరికి బండి ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. కొత్త బ్లేడుతో వంకర లేకుండా ఒక్క వేటుకి కొయ్యండి. సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి. సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరం ఉంచండి.

రెండు బ్యాగులకీ వాల్వులు వేరువేరుగా ఉండాలి. టీ జాయింటుతో కలిపితే మలుపులో బరువు పడ్డ వైపు గాలి అవతలి వైపుకి పోయి బండి ఇంకా ఒరుగుతుంది. షాపులో ఇచ్చినా ఈ పని నిన్నమొన్న చేరిన కుర్రాడి చేతిలోనే పెడతారు. మీ బండి మీద మీకున్న శ్రద్ధ అతనికి ఎందుకుంటుంది?

కాటా చీటీ:
బిగించడం రాదనో, రిస్కనో నేననడం లేదు. జబ్బొకటైతే మందొకటి వేస్తున్నారంటున్నాను.

ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే బండి వెనక ట్రైలర్ తగిలించే బంతి మీద పడాలి. 12 శాతం అనుకుంటే మీకు 300 కిలోలు. ఆ బంతి వెనక ఏక్సిల్‌కి 1.2 మీటర్ల అవతల ఉందనుకోండి, ముందు వెనక ఏక్సిళ్ళ మధ్య 3.6 మీటర్లు. తక్కెడ లెక్కే. వెనక 400 కిలోలు పడతాయి, ముందు చక్రాల మీంచి 100 లేచిపోతాయి. ఇప్పుడు బ్యాగుల్లో గాలి కొట్టారు, వెనక లేచింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ముందు పోయిన 100 తిరిగొచ్చాయా? రాలేదు. స్టీరింగ్ తేలిపోతూనే ఉంటుంది, తడి రోడ్డు మీద ముందు టైర్లకి పట్టు దొరకదు. బరువుని ముందుకి నెట్టేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్.

పైగా డోర్ దగ్గరి స్టిక్కర్ మీదున్న బరువు పరిమితి, బ్యాగులు వేసినంత మాత్రాన కిలో కూడా పెరగదు. టైర్లు అవే, బేరింగులు అవే, బ్రేకులు అవే. ఈ పొరపాటు నేనూ చేశాను. కుంగడం కనపడట్లేదు కదా అని ఇంకాస్త ఇంకాస్త వేసుకుంటూ పోయాను. ఒకరోజు కాటా మీద పెడితే వెనక ఏక్సిల్ పరిమితి కంటే 180 కిలోలు ఎక్కువ.

గ్రీజు చేతులు:
ముందు చక్రాల సంగతి ఒప్పుకుంటాను, నేనది రాయాల్సింది. కానీ బండి తొట్టిలో వేసే పనిముట్లు, సామాను సంగతేంటి? అది నేరుగా వెనక ఏక్సిల్ మీదే పడుతుంది, దానికి ఆ వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ చేసేదేం లేదు. అక్కడ బ్యాగులే దిక్కు. కాబట్టి రెండూ పెట్టుకోవచ్చు, వరస మాత్రం తప్పకూడదు. బ్యాగుల్లో కిట్ కాగితంలో రాసిన కనీస గాలి, చాలావాటికి 5 పీఎస్ఐ, ఉంచి ముందు హిచ్ సర్దుకోండి. మిగిలిన కుంగుడికే గాలి. ఖాళీగా తిప్పేటప్పుడు కూడా పూర్తిగా తీసెయ్యకండి, బ్యాగు నలిగి చిరుగుతుంది.

పాత మోడల్:
ఒక్క మాట. కొన్ని పాత బళ్ళలో వెనక ఏక్సిల్‌కి కడ్డీతో కట్టిన బ్రేక్ వాల్వు ఉంటుంది. వెనక ఎంత కుంగిందో చూసి, దాన్నిబట్టి వెనక బ్రేకులకి ప్రెషర్ వదులుతుంది. బ్యాగులతో లేపితే బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది, అదీ నిండు లోడు మీద! కిట్ తెరిచే ముందు బండి కిందకి ఓసారి తొంగి చూడండి.

కొత్త హిచ్:
చూశాను, ఆ కడ్డీ లేదు. టేపుతో నేల నుంచి మడ్‌గార్డుల ఎత్తు కొలిచాను. ముందు 92 సెంటీమీటర్లు ఉండేది ట్రైలర్ కట్టాక 94.5, వెనక 97 నుంచి 90కి దిగింది.

కాటా చీటీ:
ముందు లేచిన ఆ రెండున్నర సెంటీమీటర్లే నేను చెప్తున్నది. అందులో హిచ్‌తో ఎంత తిరిగి కిందికి తేవాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది, కొన్నిటికి సగం తెస్తే చాలు. ముందు అది చూడండి.

కొత్త హిచ్:
సరే, కిట్ డబ్బాలోనే ఉంది. రేపు పొద్దున కాటాకి పోతున్నాను. ఈ థ్రెడ్ మాత్రం మా బావకి చూపించను.