సంక్రాంతి సంబరాలు, మెల్‌బోర్న్: వంగపండు ‘యంత్రం’ పాట అంశం పనులు

సమన్వయం (మెల్‌బోర్న్):
మన అంశానికి 9 నిమిషాలు ఇచ్చారు. పాట ఎలా పుట్టిందో చెప్పడానికి 3, పాటకి 5, మైకులు సర్దుకోడానికి 1. వ్యాఖ్యానం రాసి పెట్టాను, మాష్టారూ, ఓసారి చూడండి. పాట రాసిన వంగపండు గారి ఊరు ఏ జిల్లా అని రాయాలో కూడా తేల్చేయండి, ఇక్కడ మూడు వర్గాలయ్యాయి.

పాట నేర్పేవారు (విజయనగరం):
చూసేను బాబూ. మొదటి పేరా మొత్తం కొట్టేసేను. ఎవరిదో చెయ్యి మిషన్లో నలిగిందనీ, ఆ రాత్రే పాట పుట్టిందనీ ఉంది. అలాటివి వాట్సాప్‌లో బోలెడు తిరుగుతాయి, వేదికెక్కించకండి. ఉన్న సంగతే గట్టిది: వంగపండు ప్రసాదరావు గారు విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసేరు. ‘యంత్రమెట్లా నడుస్తు ఉందంటే’ అని మొదలెట్టడం ఫిట్టరుకే చెల్లింది. మనకి మిషను తిరిగితే చాలు, ఏది దేన్ని తిప్పుతోందో చూడ్డం అతని పని. మీ 3 నిమిషాలూ ఈ ఒక్క మాట మీదే నడపండి.

జిల్లా సంగతి: పుట్టింది 1943లో, పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి. అప్పటికి విజయనగరం జిల్లాయే లేదు, అది 1979లో వచ్చింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. తెర మీద ‘పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి’ అని వేస్తే ముగ్గురూ ఊరుకుంటారు. 1972లో జననాట్యమండలి అనే విప్లవ పాటల బృందం పెట్టడం, 2020 ఆగస్టు 4న మరణం. ఈ రెండూ ఉంచండి, బిరుదులన్నీ తీసేయండి.

వేదిక (మెల్‌బోర్న్):
అయితే వ్యాఖ్యానం నడుస్తుండగా వెనకాల ఒకరు ఆకురాయి పడితే? బల్లకి బిగించిన వైసు, అందులో ఇనప ముక్క.

పాట నేర్పేవారు (విజయనగరం):
బావుంటుంది, కానీ సరిగ్గా పట్టాలి. ఆకురాయి ముందుకి తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు నొక్కకూడదు, పళ్లు మొద్దుబారిపోతాయి. పిల్లలు రంపంలా రెండు వైపులా రుద్దేస్తారు. షిప్‌యార్డులో చేసినవాళ్లు సభలో ఒక్కరున్నా ముందు నవ్వేది వాళ్లే. 12 అంగుళాల ఆకురాయి, పిడి తప్పనిసరి, లేకపోతే తోక అరచేతిలో దిగుతుంది. ఇనప ముక్క వైసు దవడల మీద అర అంగుళానికి మించి లేవకూడదు, లేస్తే అదిరి కీచుమంటుంది. అది మైకులో పడితే జనం చెవులు మూసుకుంటారు.

నిమిషానికి 50 తోపులు వెయ్యమనండి. పాట 100 దరువుల మీద ఎత్తుకుందాం. ఒక తోపుకి రెండు దరువులు సరిపోతాయి. ఆఖరి మాట అవగానే ఆకురాయి ఆగకుండా డప్పు అందుకోవాలి. ఇక్కడ మధ్యలో చప్పట్లు కొట్టించేరా, అంశం పోయినట్టే.

ధ్వని (మెల్‌బోర్న్):
వైసుకి అదురుని మాత్రమే పట్టే కాంటాక్టు మైకు అంటిస్తాను, గాలి మైకు పెడితే డప్పు కూడా అందులో దూరుతుంది. డప్పు మైకు అడుగు దూరంలో, గాయకుడికి వీపు వైపు. గజ్జెలకి మైకు అక్కర్లేదు, చెక్క వేదికే మోగుతుంది. తోలు బిగియడానికి డప్పు కాపడం సంగతేంటి? హాల్లో మంట పెడితే పొగ అలారం మోగుతుంది, ఫైరింజను ఖర్చు మన నెత్తిన పడుతుంది. జనవరి కాబట్టి బయట నిప్పు మీద పూర్తి నిషేధం ఉన్న రోజు కూడా కావచ్చు.

పాట నేర్పేవారు (విజయనగరం):
నిప్పొద్దు. బోల్టులతో బిగించే ఫైబరు డప్పులు రెండు తీసుకోండి. నాదం కొంచెం పల్చగా ఉంటుంది, ఏం చేస్తాం. తోలుదే కావాలంటే హాలోజన్ లైటు ముందు రెండడుగుల దూరంలో తిప్పుతూ పది నిమిషాలు. ఒకేచోట ఉంచితే తోలు చిట్లుతుంది. ఏసీ హాల్లో మళ్లీ సడలుతుంది, అందుకే మనకి ముందున్న అంశం మొదలయ్యేకే కాపండి.

సామాను (విజయనగరం):
గొంగళ్లు 6, గజ్జెల జతలు 4, జముకు (తోలు బిగించిన తీగ వాయిద్యం) 1 ఈ నెలాఖరుకి మనిషితో పంపుతాను. పొందూరు పంచెలు అడిగేరు గానీ అవి అతిథులకి పెట్టండి, ఈ పాటకి ముతక గోచీయే అందం. జముకు తోలుదమ్మా, తెచ్చేవాళ్లు అక్కడ దిగగానే ప్రయాణికులు నింపే కార్డులో చూపించాలి. వెంట్రుక, మట్టి, గడ్డి పరక ఏది కనబడినా క్వారంటైన్ వాళ్లు ఆపేస్తారు. గొంగళ్లు ఉతికించి కవర్లో కట్టిస్తాను.

సమన్వయం (మెల్‌బోర్న్):
పాట హక్కులు?

పాట నేర్పేవారు (విజయనగరం):
మన దేశంలో రచయిత పోయేక 60 ఏళ్లు కుటుంబానివే. రాతపూర్వకంగా అడిగి ఒప్పుకున్నాకే కరపత్రం అచ్చువేయండి. హాలుకి ఆప్రా (అక్కడ పాటల హక్కులు చూసే సంస్థ) లైసెన్సు ఉందో లేదో వేరేగా కనుక్కోండి. వీడియో యూట్యూబ్‌లో పెట్టడానికి అనుమతి ఇంకోటి, ఉత్తరంలో ఆ ముక్క కూడా కలపండి.

సాధనకి మాకు మధ్యాహ్నం 3, మీకు రాత్రి 8:30. వీడియో కాల్లో కోరస్ కలిసి పాడకండి, ఆలస్యంతో తాళం ఊగిపోతుంది. కోరస్ నేను రికార్డు చేసి పంపుతాను, దాని మీద మీరు పాడి తిరిగి పంపండి. ఆకురాయి పట్టే పిల్లాడెవరో శనివారంలోగా చెప్పండి, వీలైతే ఎడంచేతివాటం కానివాణ్ణి చూడండి, బల్ల కుడిపక్కకే వేసేరు.