డిబేట్ గెలిచినవాళ్లు ఎన్నిక ఓడిపోతుంటే, ఆ 90 నిమిషాలు మనం చూడటం దేనికి?

జార్జియా ఓటరు:
మా గ్రూపులో ఒకాయన "అమెరికా ప్రెసిడెన్షియల్ డిబేట్లు శుద్ధ దండగ, 2016లో హిల్లరీ బాగా మాట్లాడిందన్నారు, 2024 సెప్టెంబరులో కమలా హ్యారిస్ గెలిచిందన్నారు, రెండుసార్లూ కుర్చీ ఎక్కింది ట్రంపే" అని తేల్చేశాడు. వినడానికి బాగానే ఉంది కానీ నాకు మింగుడు పడట్లేదు. నేను మొదటిసారి ఓటేసింది 2024లో, అదీ అట్లాంటా పక్కన. 2020లో బైడెన్ 11,779 ఓట్లతో గట్టెక్కిన రాష్ట్రం ఇది, "నా ఒక్క ఓటుతో ఏమొస్తుందిలే" అనుకునే వీల్లేదు. అందుకే డిబేట్లు మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూశాను.

జూన్ 27న బైడెన్, ట్రంప్ డిబేట్ సీఎన్ఎన్ వాళ్లు అట్లాంటాలోనే పెట్టారు. హాల్లో జనం లేరు, ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి మైకు కట్, రాసుకొచ్చిన కాగితాలు కుదరవు, ఒక పెన్ను, తెల్లకాగితాలు, నీళ్ల సీసా, అంతే. పావుగంట కూడా కాలేదు, బైడెన్ దేశం అప్పుల గురించి ఎత్తుకుని, పన్నుల మీదుగా కోవిడ్ దాకా వెళ్లి, మాట అందక వెతుక్కుని, చివరికి "మెడికేర్‌ను ఓడించేశాం" అన్నాడు. మెడికేర్ అంటే పెద్దవాళ్ల ఆరోగ్య బీమా, ఆయన పార్టీ నెత్తిన పెట్టుకునే పథకం! జూలై 21న పోటీ నుంచి తప్పుకున్నాడు, ఆయన బదులు కమల వచ్చింది. కోట్లు పోసి తీసిన ప్రచార ప్రకటనలు చెప్పని సంగతి ఆ రాత్రి తెలిసిపోయింది. ఎవరికి ఓటెయ్యాలో డిబేట్ చెప్పకపోవచ్చు, కానీ ఎవరు ఏ స్థితిలో ఉన్నారో దాచిపెట్టడం అక్కడ కష్టం. దీనికి ఏమంటారు?

ఎడిసన్ వాసి:
మీరు చూసింది ఒక మనిషి అలసట అండీ, పాలసీ కాదు. టీవీ డిబేట్ల చరిత్రంతా ఇలాగే ఉంది. 1960లో నిక్సన్ చెమట, 1992లో సీనియర్ బుష్ చేతి గడియారం చూసుకోవడం, 2000లో అల్ గోర్ నిట్టూర్పులు. గోర్ ఆ రోజు ఏ పథకం గురించి చెప్పాడో ఇక్కడ ఎవరైనా చెప్పగలరా? నిట్టూర్చాడని మాత్రం అందరికీ గుర్తే. ఇక మన సంగతి. 2024లో రెండు డిబేట్లలోనూ ఇమిగ్రేషన్ మీద ఎంతసేపు అరుచుకున్నారో చూశారుగా, మొత్తం బోర్డర్ గోలే. పదేళ్లు దాటినా గ్రీన్ కార్డు క్యూలోనే ఉన్నవాళ్ల ఊసు నా చెవిన పడలేదు. నాకు కావలసిన ప్రశ్నే రానప్పుడు తొంభై నిమిషాలు ఎందుకు తగలెయ్యాలి?

బే ఏరియా అత్త:
మాకు డిబేట్ సాయంత్రం ఆరింటికి మొదలవుతుంది, అంటే నేను ఇంకా ఫ్రీవే మీదే ఉంటా. సెప్టెంబరు 10 నాటి ట్రంప్, కమల డిబేట్ సగం కారులో విన్నాను, ఇంటికొచ్చి మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంటే అది వేరే డిబేట్‌లా అనిపించింది. ట్రంప్ మాట్లాడుతున్నంతసేపూ పక్క సగంలో ఆవిడ ముఖమే, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కనుబొమ్మలు ఎత్తి... కారులో అవేవీ లేవు, మాటలే. కాబట్టి ఎడిసన్ బాబు చెప్పేదాంట్లో కొంత ఉంది, వింటే ఒక లెక్క, చూస్తే ఒక లెక్క. 1960లో కూడా రేడియోలో విన్నవాళ్లు నిక్సన్ గెలిచాడనీ, టీవీలో చూసినవాళ్లు కెన్నెడీ గెలిచాడనీ అన్నారటగా.

పాత పేపర్ల పిచ్చోడు:
అత్తగారూ, ఆ కథ వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. దానికి ఆధారంగా చూపించేది ఒక సర్వే, అందులో రేడియో విన్నవాళ్లు కొద్దిమందే, పైగా వాళ్లు ముందు నుంచే నిక్సన్ వైపు ఉన్నవాళ్లు కావచ్చని పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. హావభావాలే గెలుస్తాయనేవాళ్లు 1976 చూడాలి. తూర్పు ఐరోపా మీద సోవియట్ పెత్తనం లేదన్నాడు అప్పటి ప్రెసిడెంటు ఫోర్డ్. ప్రశ్న వేసిన విలేకరి నమ్మలేక, అలా అంటున్నారా అని మళ్లీ అడిగి సర్దుకునే చాన్సిచ్చినా వదులుకుని, పోలండ్ పేరు కూడా చేర్చాడు. అందులో చెమటా లేదు, గడియారమూ లేదు. మాటే. ఆ రాత్రి చూసిన చాలామంది పట్టించుకోనేలేదు, మర్నాటి నుంచి పత్రికలు, టీవీలు పట్టుకున్నాకే అది పెద్ద దెబ్బ అయింది.

డాలస్ తమ్ముడు:
అసలు మైకు కట్ చెయ్యడమే మోసం అన్నా. 2020లో క్లీవ్‌లాండ్‌లో మైకులు తెరిచే ఉన్నాయి, ట్రంప్ అడుగడుక్కీ అడ్డుపడ్డాడు, బైడెన్ విసిగిపోయి నోరు మూసుకోమన్నాడు. అసహ్యంగా ఉంది, నిజమే, కానీ మనిషి కనపడ్డాడు కదా! 2024 జూన్‌లో అదే ట్రంప్ బుద్ధిమంతుడిలా కనిపించాడంటే ఆ క్రెడిట్ ఆయనది కాదు, స్విచ్ నొక్కినవాడిది.

బెజవాడ:
మైకు కట్ వద్దనేవాళ్లు ఒక్కసారి మన తెలుగు న్యూస్ చానళ్ల డిబేట్ చూడండి తమ్ముడూ, ఆరుగురు ఒకేసారి అరుస్తుంటారు, యాంకర్ ఏడోవాడు. మాకు ఇక్కడ పొద్దున్న ఆరున్నరకి వస్తుంది మీ డిబేట్, కాఫీ తాగుతూ చూస్తుంటే కుళ్లుగా ఉంటుంది. 2024 మేలో ఇద్దరు మాజీ జడ్జీలు, జస్టిస్ లోకూర్, జస్టిస్ ఏపీ షా, వాళ్లతో సీనియర్ జర్నలిస్టు ఎన్. రామ్ కలిసి మోదీనీ రాహుల్‌నీ ఒకే వేదిక మీద చర్చకి రమ్మని లేఖ రాశారు. రాహుల్ సరేనన్నారు, చర్చ జరగనే లేదు. మీకు దండగ అనిపిస్తే మాకు పంపించండి.

జార్జియా ఓటరు:
ఎడిసన్ వాసి గారూ, మీరు చెప్పిన గడియారం సంగతే తీసుకుందాం. అది రిచ్‌మండ్‌లో టౌన్‌హాల్ డిబేట్, ప్రశ్నలు వేసింది మామూలు ఓటర్లు. దేశం అప్పు వల్ల మీకు సొంతంగా ఏం నష్టం జరిగిందని ఒకావిడ అడుగుతుండగా బుష్ గడియారం చూసుకున్నాడు. ఆవిడ అడగాలనుకున్నది మాంద్యం గురించి, నోట్లోంచి వచ్చింది అప్పు అని. బుష్‌కి ప్రశ్న అంతుపట్టక వడ్డీరేట్లంటూ ఏదో మొదలెట్టి, అర్థం కాలేదన్నాడు. క్లింటన్ స్టూలు దిగి ఆవిడ దగ్గరికి నడిచి, ముందు మీ సంగతి చెప్పండి, మీకు తెలిసినవాళ్ల ఉద్యోగాలు పోయాయా అని అడిగాడు. గడియారం ఒక్కటీ పక్కన పెట్టినా ఆ రెండు జవాబుల్లో తేడా ఉంది కదా.

ఎడిసన్ వాసి:
ఉంది, కాదనను. కానీ మీరు చెప్పిందే నా మాటకి బలం. ఆ ప్రశ్న వేసింది యాంకర్ కాదు. 2024లో రెండింటిలోనూ అడిగింది యాంకర్లే, ఓటరు చేతికి మైకే ఇవ్వలేదు. పైగా జూన్‌లో అభ్యర్థులు అబద్ధాలు చెప్పినా సీఎన్ఎన్ యాంకర్లు అడ్డుకోకుండా కూర్చున్నారు, సెప్టెంబరులో ఏబీసీ వాళ్లు ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలస వచ్చినవాళ్లు కుక్కల్ని తింటున్నారన్న ట్రంప్ మాటకి, అలాంటి ఆధారాల్లేవని ఆ ఊరి సిటీ మేనేజర్ అన్న మాట అక్కడికక్కడే చెబితే పక్షపాతం అని గోల. టౌన్‌హాల్ మళ్లీ పెట్టమనండి, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్ల తరఫున ఒక్క ప్రశ్న పడనివ్వండి, అప్పుడు చూస్తాను.

డాలస్ తమ్ముడు:
క్యూలో ఉన్నవాడికి ఓటే లేదు కదన్నా, వాడి ప్రశ్న ఎవడు తీసుకుంటాడు?

ఎడిసన్ వాసి:
వాడికి లేదు. పాతికేళ్ల కిందట క్యూ దాటొచ్చిన నాకుంది కదా, నేను అడుగుతా.