సమస్యాపూరణం: పెండ్లి వద్దటంచుఁ బెండ్లి యాడె

ఈనాటి సమస్య ఆటవెలది చివరి పాదం. షార్లెట్ బ్రాంటే 1847లో వెలువరించిన ‘జేన్ ఐర్’ నవలానాయికకు అన్వయిస్తూ పూరించవలసిందిగా కవిమిత్రులను కోరుతున్నాను.

మొదటి పూరణ:

ప్రేమ లేని చోటఁ బ్రేమగా నటియింప
నొల్ల ననుచుఁ బాద్రి కెల్లఁ దెలిపి
చూపు లేని దొరను వలచి తా నేతెంచి
పెండ్లి వద్దటంచుఁ బెండ్లి యాడె

నిర్వాహకుడు: ఆర్యా, మతప్రచారానికి ఇండియా వెళ్తూ భార్యగా వెంట రమ్మన్న సెయింట్ జాన్‌ను జేన్ నిరాకరించిన ఘట్టం పద్యంలో చక్కగా ఇమిడింది. మూడవ పాదంలో యతి (పాదం తొలి అక్షరానికి నడుమ కుదరవలసిన అక్షరమైత్రి) తప్పింది. “దొరనుఁ జూచి తా నేతెంచి” అందామా? ఫెర్న్‌డీన్ ఇంటి గడప దాటి తడుముకుంటూ వచ్చిన రాచెస్టరును, అంటే జేన్ వలచిన ఆ చూపు లేని దొరను, జేన్ దూరాన నిలబడి చూచిన తరువాతనే తలుపు తట్టింది కనుక, ఈ సవరణ కథకూ అతుకుతుంది. అయితే ‘వద్దు’ అన్నది ఒకరితో, పెండ్లాడినది మరొకరిని అయినప్పుడు సమస్యలోని ముడి మరీ సులువుగా విడిపోతున్నది.

రెండవ పూరణ:

సొంత సొమ్ము తోడ, సొంత నిర్ణయముతో
వచ్చి యంధుఁ డైన వానిఁ జేరి
దయకుఁ దలను వంచి దాసిగాఁ జేసెడు
పెండ్లి వద్దటంచుఁ బెండ్లి యాడె

నిర్వాహకుడు: అమ్మా, ‘చేసెడు’ అనే విశేషణం సమస్యాపాదంలోని తొలి ‘పెండ్లి’ని పట్టుకోవడంతో వైరుధ్యం ఒకే మనిషి విషయంలో పరిష్కారమైంది. తొలిసారి పెండ్లి కుదిరినప్పుడు మిల్‌కోట్ ఊరి అంగడిలో రాచెస్టరు జేన్ కోసం ఊదా రంగు పట్టు, గులాబీ సాటిన్ ఎంచుతుంటే చెంపలు మండి, నల్ల సాటిన్‌తో, బూడిద రంగు పట్టుతో సరిపెట్టించిన జేన్, తనకంటూ కొంత ఆస్తి ఉంటే బాగుండునని మదీరాలోని తండ్రి సోదరునికి ఉత్తరం వ్రాసింది. రాచెస్టరుకు అప్పటికే భార్య ఉన్నదని బయటపడి ఆ తొలి పెండ్లి పీటల మీద ఆగిపోవడానికి దారి తీసినది ఆ ఉత్తరమే!

ఒక సభ్యుడు: పద్యం బాగున్నది గాని, ‘సొంత సొమ్ము’ దగ్గర నాకొక సందేహం. వివాహిత ఆస్తిపై ఇంగ్లండులో తొలి చట్టం 1870లో గాని రాలేదు. ప్రత్యేకమైన ఒప్పందం లేకపోతే, జేన్ చేతి సొమ్ము పెండ్లి ముగిసిన క్షణంలోనే భర్త అధీనమౌతుంది. అటువంటప్పుడు సొమ్ముకు పద్యంలో పెద్దపీట వేయవచ్చునా?

రెండవ పూరణ కర్త: మీ సందేహం న్యాయమైనదండీ. వారసత్వంగా వచ్చిన 20,000 పౌన్లను, పెండ్లికి ముందే, ఎవరూ అడగకుండానే, ముగ్గురు బంధువులతో కలిసి తలా 5,000గా పంచుకొన్నది కదా, ఆ పని ఎవరి అనుమతితోనూ జరుగలేదు. తొలి పాదాన్ని ఇలా సవరిస్తున్నాను:

సొంత సొమ్ము పంచి, సొంత నిర్ణయముతో