కొలువు బొమ్మలు, నాట్యం ఉడుపులు అటక మీద పాడవకుండా దాచుకోవడం ఎలా?

మూలాపేట కోడలు, నెల్లూరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అత్తగారు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్కొక్కటిగా కూర్చిన కొలువు బొమ్మలు మా ఇంట్లో 120 దాకా ఉన్నాయి. వాటిలో కొండపల్లి కొయ్యబొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు కొన్ని, మిగిలినవన్నీ మట్టివి. వీటికి తోడు వినాయక చవితి పాలవెల్లి, సీరియల్ బల్బుల దండలు, మా అమ్మాయి కూచిపూడి ఉడుపులు, ఏడాది నిండని మా బాబు కోసం బంధువులు ఇచ్చిన కృష్ణుడి వేషం కూడా పడమటి గోడనానుకుని ఉన్న అటక మీదనే ఉంటున్నాయి.

కిందటి దసరా ముగిసిన రెండో రోజునే అన్నిటినీ వార్తాపత్రికల్లో చుట్టి, ప్లాస్టిక్ సంచుల్లో మూతికట్టి, రేకు పెట్టెల్లోనూ అట్టపెట్టెల్లోనూ సర్దేశాను. ఈ ఏడు దించి చూస్తే మట్టిబొమ్మల రంగు పొరలుగా లేచిపోయింది, అంబారీ ఏనుగు కాలి దగ్గర సన్నటి తెల్లపొడి రాలి ఉంది, అంగడి శెట్టెమ్మ చెంప మీద పత్రికలోని అక్షరాలు తిరగేసి అచ్చుపడ్డాయి. ఉడుపుల జరీ నల్లబడింది, మడత దగ్గర పట్టు చిట్లింది. కలరా ఉండలు ధారాళంగానే వేశాను. నేను చేసిన పొరపాటు ఏమిటో, ఇకమీదట ఎలా దాచుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

ఒంగోలు అమ్మమ్మ

అమ్మా, మీరు ఎలా సర్దారన్నదాని కంటే ఎప్పుడు సర్దారన్నదే అసలు సంగతి. మీ జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురుస్తుంది. అంటే దసరా ముగియగానే గాలి నిండా చెమ్మ ఉన్న రోజుల్లో మీరు బొమ్మలను సంచిలో మూతికట్టారన్నమాట. బయటి చెమ్మను ఆపవలసిన ప్లాస్టిక్, అప్పటికే లోపల చేరిన చెమ్మను బయటికి పోనివ్వలేదు. కాల్చని మట్టిబొమ్మ ఆ చెమ్మను పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుంటుంది, రంగు పొర దానితో పాటు సాగలేక లేచిపోతుంది.

మా ఇంట్లో దసరా కొలువు ఎత్తిన తరువాత బొమ్మలను అటక ఎక్కించము. గాజు తలుపుల అలమరలో పల్చటి నూలుగుడ్డ కప్పి ఉంచి, సంక్రాంతికి మళ్లీ కొలువు తీర్చి, కనుమ తరువాత నాలుగు రోజులు పొడిగాలి చూసుకుని అప్పుడు పెట్టెల్లో పెడతాము. మీకు సంక్రాంతి కొలువు ఆనవాయితీ లేకపోయినా సరే, పెట్టెలు కట్టే పని మాత్రం జనవరి చివరికి వాయిదా వేసుకోండి.

చుట్టడానికి వార్తాపత్రిక వద్దు. దాని సిరా అంటుకుంటుందని మీ శెట్టెమ్మే సాక్ష్యం చెబుతోంది కదా. పాత నూలు పంచెలను ఉతికి, గంజి పెట్టకుండా ఆరబెట్టి, ముక్కలుగా చింపి వాడండి. గంజి ఉన్న గుడ్డను పురుగులు వెతుక్కుంటూ వస్తాయి. బరువైన మట్టిబొమ్మలు అడుగున, చేతులు, గొడుగులు బయటికి చాచినవి పైన ఉండాలి. లక్కబొమ్మలను మాత్రం అటక మీద పెట్టనే వద్దు. రోహిణి కార్తె ఎండకు స్లాబు కింద పుట్టే వేడికి లక్క మెత్తబడి, చుట్టిన గుడ్డ అంటుకుపోతుంది. పాలవెల్లికి పండ్ల రసం, తీపి అంటి ఉంటే చీమలు వదలవు కనుక దానిని తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే పైకెత్తండి. బల్బుల దండ చిక్కుపడకుండా వెడల్పాటి అట్టముక్కకు చుట్టి, ప్లగ్గు కొసను పైన కనబడేలా ఉంచితే చాలు.

పట్టుబట్టల అంగడి, నెల్లూరు

బట్టల సంగతి నేను చెబుతాను. వెండి కలిసిన జరీ అయినా, రాగి తీగకు పూత పూసిన జరీ అయినా గాలిలోని గంధకం వల్ల, చెమటలోని ఉప్పు వల్ల నల్లబడుతుంది. నాట్యం ఉడుపులకు చెమట ఎక్కువ. ప్రదర్శన అయిన రాత్రే మడిచి పెట్టెలో పెట్టే అలవాటు చాలా ఇళ్లలో చూశాను, దానికంటే పెద్ద అపకారం లేదు. ముందు లోపలి వైపు బయటికి తిప్పి, ఫ్యాను గాలికి ఒకటి రెండు రోజులు నీడన ఆరవేయాలి. ఆపైన తెల్లటి మల్లు గుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకొకసారి మడత మార్చాలి. ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే జరీ తీగ ఆ గీత దగ్గరే పట్టును కోసేస్తుంది. రబ్బరు బ్యాండ్లలో గంధకం ఉంటుంది కనుక అవి జరీ దగ్గరికి రాకూడదు. గజ్జెలను పొడిగుడ్డతో తుడిచి విడిగా దాచండి, లేకపోతే చిలుము పట్టి పట్టుకు పచ్చని మరక అంటుతుంది.

కలరా ఉండల గురించి ఒక హెచ్చరిక. అవి పురుగును తరుముతాయి గాని చెమ్మను తీయవు. వాటిని కర్పూరంతో కలిపి ఒకే పెట్టెలో వేస్తే రెండూ కరిగి బట్టకు మరకలు పడతాయి. అంతకంటే ముఖ్యమైన విషయం మీ బాబు వేషం. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న శిశువులకు ఆ ఉండల ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు పైకి తెలియదు. అందుచేత పిల్లవాడి బట్టల దగ్గర వాటిని వాడకండి, ఇప్పటికే వాసన పట్టిన వేషాన్ని ఉతికి, ఎండలో ఆరవేసి, వాసన పూర్తిగా పోయే వరకు తొడగకండి. నెమలి పింఛాన్ని పట్టుతో కలిపి ఉంచకండి. ఈకను తినే పురుగు పట్టునూ తింటుంది.

కందుకూరు వాసి

పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక్క మాట చేరుస్తాను. ప్లాస్టిక్‌ను పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదు. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు నెల్లూరులో నది పక్కనున్న మా చిన్నాన్నగారి ఇంట్లోకి నీళ్లు చేరాయి. అట్టపెట్టెలు ముద్దైపోయాయి, రేకు పెట్టె సందుల్లోంచి నీరు దిగింది, బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న పట్టుబట్టలు మాత్రం పొడిగా బయటపడ్డాయి. పొడి రోజున సర్ది, లోపల సిలికా జెల్ సంచులు వేసి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి తెరిచి చూసుకునేటట్టయితే అటువంటి డబ్బా మేలని నా అభిప్రాయం. దానిని గోడకు జానెడు ఎడంగా, చెక్క పలక మీద పెట్టండి. వాన గోడ చెమ్మ మొదట ఆనుకున్న పెట్టెకే ఎక్కుతుంది.

మూలాపేట కోడలు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. బాబు వేషాన్ని ఈ ఉదయమే ఉతికి దండెం మీద వేశాను. పట్టు ఎందుకు చిట్లిందో ఇప్పుడు అర్థమైంది, నాలుగేళ్లుగా అదే మడత. అంబారీ ఏనుగు కాలి దగ్గర పొడి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. దానిని మిగతా బొమ్మలతో కలపవచ్చునా?

ఒంగోలు అమ్మమ్మ

కలపవద్దమ్మా, అది కొయ్యను తొలిచే పురుగు పని. కొండపల్లి బొమ్మకు వాడే తెల్లపొణికి కర్ర చాలా మెత్తనిది, పైగా అతుకులకు చింతగింజల పిండి కలిపిన ముద్ద పెడతారు, పురుగుకు రెండూ రుచే. ఏనుగును మెల్లగా తట్టి పొడి దులిపి, నల్ల కాగితం మీద విడిగా రెండు మూడు వారాలు నిలబెట్టండి. కాగితం మీద కొత్తగా పొడి రాలితే పురుగు బతికే ఉన్నట్టు. అప్పుడు రంగులు, హార్డ్‌వేర్ అమ్మే అంగడిలో దొరికే కొయ్యపురుగు మందును, రంగు లేని అడుగు భాగంలోని రంధ్రాల్లోకి సూదితో రెండు మూడు చుక్కలు ఎక్కించండి. పిల్లవాడు పాకే ఇల్లు కనుక ఆ పని మేడ మీద చేసి, వాసన పోయిన తరువాతే కిందికి తీసుకురండి. నీళ్లతో మాత్రం కడగకండి. మా ఇంట్లో ఒక తాడిచెట్టు బొమ్మ రంగంతా అలాగే పోయింది.