నాగసాకిలో ఓడ ఆగేది ఒక్క పగలే, అమ్మతో ఏం చూడొచ్చు?

వచ్చే నెల క్రూజ్‌లో నాగసాకి వెళ్తున్నాం, ఓడ మత్సుగాయె రేవులో పొద్దున ఎనిమిదికి ఆగుతుంది, సాయంత్రం నాలుగున్నరకల్లా తిరిగి ఎక్కేయాలి. ఓడవాళ్ల టూర్ మరీ ఖరీదు, అందుకే సొంతంగా తిరుగుదామని.

1945 అణుబాంబు మ్యూజియం, శాంతి పార్కు తప్పకుండా చూడాలి. ఓఉరా కైగాన్‌లో ట్రామ్ ఎక్కి షించి చైనాటౌన్‌లో మారాలట, ఓడ జనమంతా ఒకేసారి దిగితే అందులో చోటు దొరుకుతుందా, లేక టాక్సీయే నయమా? అమ్మకి మోకాళ్ల నొప్పులు. రేవు పక్కనే ఉన్న గ్లోవర్ గార్డెన్ కొండ మీదుంది, ఎస్కలేటర్లు ఉన్నాయంటున్నారు, అయినా మెట్లు ఎక్కువేనా?

ఇంకోటి, అమ్మ గుడ్డు కూడా తినదు. అక్కడి చాంపోన్ నూడుల్స్‌లో పంది మాంసం, కస్టెల్లా కేకులో గుడ్లు, ఇక మిగిలేదేంటి! పులిహోర కట్టుకుని దిగుదామంటే ఓడలో వంట కుదరదు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.